కొనని టిక్కెట్టుకు కారు బహుమతి!

పిల్లలూ, ఒకనాడు పోస్టుమాను వచ్చి మీ నాన్నగారి పేరుమీద ఒక కవరు ఇచ్చాడనుకోండి. కవరుమీద ఇంటిపేరు, ఊరు, మండలం, పిన్‌కోడు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లోపల రంగుల కాగితంమీద అచ్చువేసిన ఉత్తరం, దానితోపాటు వెండిపూత పూసిన చిన్న అట్టముక్క. ఆ పూతను రూపాయి బిళ్ళతో గీకితే కింద అక్షరాలు బయటపడతాయి: "శుభాకాంక్షలు! మీరు కారు గెలుచుకున్నారు. కారు వద్దంటే 12 లక్షల రూపాయలు తీసుకోవచ్చు."

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, ఆ పైన దుమ్ముగూడెం, చర్ల అడవుల అంచులదాకా ఉన్న పల్లెల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉత్తరం చదవగలిగేది బడికి పోయే పిల్లలే. "ఇందులో ఏమున్నదో చదివి చెప్పు" అని అమ్మ ఆ కాగితాన్ని మీ చేతికే ఇస్తుంది. ఫోనులో ఏదైనా సందేశం వచ్చినా అంతే. మిరపకాయలు అమ్మిన డబ్బో, తునికాకు కట్టల డబ్బో బ్యాంకులో ఉన్న రోజుల్లో ఆ ఉత్తరం వస్తే, మీరు ఏమని చదివి చెబుతారో దానిమీద ఇంటిల్లిపాది ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది. అందుచేత ఈ సంగతులు పెద్దలకంటే ముందు మీకే చెబుతున్నాను.

ఇది కల్పించి చెప్పే కథ కాదు. నాప్టాల్, స్నాప్‌డీల్ వంటి వ్యాపార సంస్థల పేర్లు అచ్చువేసిన ఇటువంటి కవర్లు మన తెలుగునాట ఎన్నో ఇళ్ళకు వచ్చాయి. వాటిని పంపినది ఆ సంస్థలు కావు. వాటి పేరు దొంగిలించినవారు. 2000లో మొదలై దేశమంతా పేరు తెచ్చుకున్న టెలివిజన్ ఆట "కౌన్ బనేగా కరోడ్‌పతి" పేరు చెప్పి, "మీ ఫోను నంబరుకు 25 లక్షల లాటరీ తగిలింది" అని వాట్సాప్‌లో పంపే సందేశాలు కూడా ఇటువంటివే. వాటిలో చాలా సందేశాలు 92తో మొదలయ్యే నంబర్లనుంచి వచ్చాయి. ఫోను నంబరుకు ముందు ఉండే అంకె దేశాన్ని తెలుపుతుంది. మన దేశపు అంకె 91. 92 పాకిస్తాను అంకె. మన ఆటలో బహుమతి ఇచ్చేవాడు పొరుగు దేశపు నంబరుతో మాట్లాడతాడా? పిల్లవాడు కూడా అడగగలిగిన ప్రశ్నే ఇది. కాని ఆశ పుట్టిన తరువాత పెద్దవాళ్ళకు కూడా ఇది తోచదు.

పేరున్న సంస్థల పేరే ఎందుకు వాడుకుంటారు? పూర్వం మన అడవుల్లో కౌజుపిట్టలను పట్టేవారు, మచ్చిక చేసిన కౌజును పంజరంలో పెట్టి, చుట్టూ ఉచ్చులు పన్నేవారు. (1972లో వచ్చిన వన్యప్రాణి రక్షణ చట్టం దీనిని నిషేధించింది, ఎవరూ ప్రయత్నించకండి!) పంజరంలోని పిట్ట కూస్తే అడవి పిట్ట తన జాతిదే గదా అని దగ్గరికి వచ్చేది. తెలిసిన గొంతు వినిపిస్తే భయం తగ్గుతుంది. కవరుమీది సంస్థ పేరు, సందేశంమీది నటుడి బొమ్మ ఆ పంజరంలోని కౌజు చేసే పనే చేస్తాయి.

"గిఫ్టు కార్డు" అనే మాట మీరు విని ఉంటారు. ఎవరో ముందుగా డబ్బు కట్టి కొంటే, ఆ మొత్తానికి సరుకులు తీసుకోవడానికి దుకాణం ఇచ్చే కార్డు అది. దానిమీది రహస్య సంఖ్యే అసలు డబ్బు. ఆ సంఖ్య ఎవరికి తెలిస్తే వారు దానిని ఖర్చుచేసుకోవచ్చు. అందుచేత కార్డు కొని సంఖ్య చదివి చెప్పమని ఎవరైనా ఫోనులో అడిగితే, వాడు మీ జేబులోని నోట్లు అడుగుతున్నట్టే. "ఈ లింకు నొక్కండి, అయిదువేల గిఫ్టు కార్డు మీదే, మరో పదిమందికి పంపండి" అని వచ్చే సందేశం మరొక రకం. ఆ పదిమందీ మీ స్నేహితులే అవుతారు గదా! దొంగ చెయ్యవలసిన ప్రచారం మీచేత చేయిస్తున్నాడన్నమాట.

ఇక కవరు సంగతి. ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోను చేస్తే అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. "మీరు అదృష్టవంతులండీ" అంటాడు. ఆధారు కార్డు ఫొటో, బ్యాంకు ఖాతా నంబరు పంపమంటాడు. తరువాత, "రిజిస్ట్రేషనుకు కొద్దిపాటి రుసుము కట్టాలి" అంటాడు. అది కడితే పన్ను అంటాడు. పన్ను కడితే రవాణా ఖర్చులంటాడు. ఇక్కడే అసలు కిటుకు ఉన్నది. మొదట కట్టినది పోతుందేమోనన్న భయంతోనే మనిషి రెండోసారి కడతాడు. ఆ రెండూ పోతాయని మూడోసారి. చివరకు ఫోను పలకదు.

పన్ను మాట ఎంతవరకు నిజమో చూద్దాం. లాటరీలో గెలిచిన డబ్బుమీద మన దేశంలో పన్ను ఉన్న మాట నిజమే. కాని నగదు బహుమతి అయితే, ఇచ్చేవాడే నూటికి 30 రూపాయల చొప్పున పట్టుకొని ప్రభుత్వానికి కట్టి, మిగిలినది చేతికి ఇవ్వాలి. 12 లక్షలు నిజంగా ఇచ్చేవాడయితే అందులోనుంచే పన్ను తీసుకోవచ్చు గదా. వాడికి మీ డబ్బుతో పనేమిటి? ఈ ప్రశ్న అడిగి చూడండి, అవతలివాడి మర్యాద అంతా ఎగిరిపోతుంది.

లాటరీ అంటే టిక్కెట్టు కొన్నవారి మధ్య జరిగేది. కేరళ ప్రభుత్వం 1967 నుంచి లాటరీ నడుపుతున్నది. అక్కడకూడా టిక్కెట్టు కొననివాడికి పైసా రాదు. గీకే కార్డు విషయం మరీ తమాషాగా ఉంటుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1974లో ఇటువంటి లాటరీ మొదటిసారి వచ్చింది. నున్నని పూతమీద అక్షరాలు కనిపించకుండా రబ్బరువంటి మరో పూత వేస్తారు. అది గోటితో గీకితే రాలిపోతుంది, కింది అక్షరాలు చెదరవు. అసలు లాటరీలో ఎక్కువ కార్డుల్లో ఏమీ ఉండదు, కొద్దివాటిలోనే బహుమతి. దొంగవాడు మాత్రం ప్రతి కార్డులోనూ కారే అచ్చువేస్తాడు! మీకు వచ్చినది ఒక్కటే కనుక ఆ సంగతి మీకు తెలియదు. పక్క ఊళ్ళో మీ మిత్రుడి ఇంటికి కూడా కవరు వచ్చి, రెండూ పక్కపక్కన పెడితే గుట్టు బయటపడుతుంది.

ఇంత ఖర్చుపెట్టి కవర్లు పంపితే వాడికి గిట్టుతుందా అని మీకు అనుమానం రావచ్చు. లెక్క వేద్దాం. ఒక్కొక్క కవరుకు 20 రూపాయలు అయిందనుకోండి. వెయ్యి కవర్లకు 20 వేలు. వెయ్యిమందిలో నలుగురు పన్నెండేసి వేలు పంపితే చాలు, 48 వేలు వచ్చాయి. మిగిలిన 996 మంది నవ్వుకొని చింపి పారేసినా వాడికి నష్టం లేదు. వాట్సాప్ సందేశానికి ఆ 20 రూపాయలు కూడా అక్కరలేదు.

ఈ లెక్క కొత్తది కాదు. ఫ్రాన్సు దేశంలో 1775లో పుట్టిన విడోక్ అనే ఆయన మొదట నేరస్థుడై జైళ్ళు చూసి, తరువాత ప్యారిస్ నగరంలో రహస్య పోలీసులకు నాయకుడయ్యాడు. తన కాలపు ఖైదీలు ధనవంతులకు ఉత్తరాలు రాసేవారని ఆయన చెప్పాడు. "మా ప్రభువుగారి నగలపెట్టె ఒకచోట దాచాం, తెచ్చుకోవడానికి కొంచెం డబ్బు కావాలి" అని ఆ ఉత్తరాల సారాంశం. నూరు ఉత్తరాలు రాస్తే ఇరవైకి జవాబులు వచ్చేవట. ఇప్పుడు నగలపెట్టె కారుగా మారింది, అంతే!

ఫోనులో డబ్బు విషయం ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతిలో డబ్బు పంపడానికే రహస్య సంఖ్య, అంటే పిన్ను, నొక్కాలి. తీసుకోవడానికి అక్కరలేదు. "బహుమతి మీ ఖాతాలో పడాలంటే పిన్ను నొక్కండి" అని ఎవడైనా అంటే, నొక్కిన క్షణంలో డబ్బు పోయేది మీ ఖాతానుంచే. ఓటీపీ చెప్పమన్నా, ఏదో ఆప్ దించుకోమన్నా అదే తీరు. కొన్ని దొంగ ఆప్‌లు మీ ఫోనుకు వచ్చే సందేశాలను చదివి వాడికి చేరవేస్తాయి.

ఇంతా తెలిసిన తరువాత కూడా ఇంట్లో ఎవరైనా డబ్బు పంపి ఉంటే ఏం చెయ్యాలి? వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. దేశమంతటికీ అదే నంబరు. దొంగ ఆ డబ్బును ఒక ఖాతానుంచి మరొక ఖాతాకు, అక్కడినుంచి ఇంకొకదానికి చకచకా మార్చేస్తాడు. ఎవరో నగదు తీసేసుకునేలోగా కబురు అందితే బ్యాంకులు ఆ మొత్తాన్ని ఉన్నచోటనే ఆపగలవు. అందుకే రేపు చూద్దామనుకోరాదు. మీ బ్యాంకుకు కూడా చెప్పాలి. కవరు, కార్డు, ఫోను సందేశాలు పారెయ్యకూడదు. పోలీసులకు అవే ఆధారాలు. అడవి ఊళ్ళలో ఫోనుకు సిగ్నలు అందకపోతే, అందే చోటికి ఎవరినైనా పంపండి, లేదా దగ్గరి ఠాణాకు వెళ్ళండి.

పెద్దలకు ఒక మాట. మోసపోయినవారిని తిట్టకండి. తిట్లకు జడిసి దాచిపెట్టినందువల్ల పోయిన డబ్బే ఎక్కువ అని నా అభిప్రాయం. పొరపాటున లింకు నొక్కిన పిల్లవాడు పరుగెత్తుకొచ్చి మీకు చెప్పగలగాలి.

మరొకటి. ఫిర్యాదు చేసిన కొన్నాళ్ళకు ఎవరో ఫోను చేసి, "మీ డబ్బు దొరికింది, తిరిగి ఇప్పించాలంటే ముందుగా రుసుము కట్టండి" అనవచ్చు. అది కూడా ఆ దొంగల పనే. ఆ నంబరును కాగితంమీద రాసి, ఫిర్యాదు చేసినప్పుడు ఇచ్చిన సంఖ్యతోసహా ఠాణాలో ఇవ్వండి.