మీకు తెలుసా? లంగా అంచు చెప్పే వెన్ను కథ

పదేళ్లు దాటిన పిల్లకు లంగా అంచు ఒకవైపే పైకి లేస్తోందా? టైలర్‌ని తిట్టేముందు వీపు చూడండి. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమనండి. పక్కటెముకలు ఒకవైపు ఉబ్బెత్తుగా కనిపిస్తే అది వెన్నెముక పక్కకు వంగే స్కోలియోసిస్ కావచ్చు. ఎక్స్‌రేలో వంపు కనీసం 10 డిగ్రీలుంటేనే ఆ పేరు పెడతారు. చాలామందిలో కారణం తెలియదు. పాపం, నింద మాత్రం స్కూలు బ్యాగు మోస్తుంది!

కైరోప్రాక్టర్ చేతులతో వెన్ను సర్దితే కొందరికి నొప్పి తగ్గొచ్చు. వంపు సరవుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. ఎదిగే వయసులో వంపు 25 డిగ్రీలు దాటితే ఎముకల డాక్టర్లు సాధారణంగా వెన్నుకు ఆసరాగా బ్రేస్ వేయిస్తారు. రోజులో ఎక్కువ గంటలు వేసుకుంటేనే దాని ఫలితం.

అన్నట్టు, 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తిన ఉసేన్ బోల్ట్‌దీ వంపు వెన్నే.