చెవిలో మోత ఆగకపోతే

రైస్ మిల్లులో ఇరవై రెండేళ్లు పనిచేసిన ఒక పెద్దాయన మా చెవి, ముక్కు, గొంతు విభాగానికి వస్తూ వెంట ఒక సంచి తెచ్చుకున్నారు. అందులో నాలుగు రకాల చెవి చుక్కలు, రెండు రకాల నరాల బిళ్లలు, వెల్లుల్లి వేసి కాచిన నూనె సీసా ఉన్నాయి. "పగలు ఎలాగో గడుస్తుంది డాక్టరుగారూ. రాత్రి అందరూ పడుకున్నాక రెండు చెవుల్లోనూ కీచురాళ్లు మొదలవుతాయి. సరిగా నిద్రపోయి రెండు నెలలైంది" అన్నారు. పక్కనే ఉన్న ఆయన భార్య "నాకేమీ వినబడదండీ, ఈయనకేమైందో" అంటూ కళ్లు తుడుచుకున్నారు.

ఆ శబ్దం ఆమెకు వినబడదు, మాకూ వినబడదు. అయినా అది ఉంది. అది పిచ్చి కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. దీన్నే టినిటస్ అంటారు. కొందరికి ఈలలా, కొందరికి కుక్కర్ ఆవిరిలా, కొందరికి సముద్రపు హోరులా వినిపిస్తుంది.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులోని సన్నని రోమకణాలు మిల్లు మోతకో, మరమగ్గాల చప్పుడుకో, ఊరేగింపుల్లో డీజే పెట్టెలకో, వయసు వల్లనో దెబ్బతింటాయి. ఒకసారి పోతే మళ్లీ రావు. రేడియో స్టేషను సరిగా అందనప్పుడు మనం సౌండు పెంచుతాం, పాటతోపాటు గరగర కూడా పెరుగుతుంది. చెవి నుంచి సంకేతాలు తగ్గినప్పుడు మెదడు కూడా దాదాపు ఇదే పని చేస్తుందని నేటి వైద్యుల అవగాహన. చెవిలో పోసిన నూనె అక్కడికి చేరదు. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె వల్ల హాని కూడా.

1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే అమెరికా పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. వినికిడి బాగున్న 80 మందిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెడితే, 94 శాతం మంది తమకు ఏదో ఒక శబ్దం వినబడిందన్నారు! నిశ్శబ్దంలో చెవి శబ్దాన్ని వెతుక్కుంటుంది. కాబట్టి మిల్లులో చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి, ఇంట్లో మాత్రం వద్దు. రాత్రి ఫ్యాన్ తిరగనివ్వండి, లేదా రేడియో సన్నగా పెట్టుకోండి. మోతను ముంచేసేంత గట్టిగా అక్కర్లేదు, దానికంటే కాస్త తక్కువే చాలు.

ఒకప్పుడు మేమూ "దీనికి మందు లేదు, అలవాటు చేసుకోండి" అని పంపేసేవాళ్లం. ఎలా అలవాటు చేసుకోవాలో చెప్పకపోవడం మా తప్పే. రైలు పట్టాల పక్కింట్లో చుట్టాలకు నిద్ర పట్టదు, ఇంటివాళ్లు హాయిగా పడుకుంటారు. రైలు చప్పుడు ఇద్దరికీ ఒకటే. ఇంటివాళ్లకు దాని భయం లేదు, అంతే. ఈ భయాన్ని తగ్గించే మాటల చికిత్సను కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు. అది మోతను తగ్గించదు, మోత పెట్టే బాధను తగ్గిస్తుంది. వినికిడి కూడా తగ్గినవారికి వినికిడి యంత్రం మేలు చేస్తుంది. "చెవిటివాడంటారు" అని మన పెద్దాయన మొదట్లో ఒప్పుకోలేదు. జింకో బిళ్లలు, జింక్, మెలటోనిన్ ఈ మోతకు వాడవద్దని అమెరికా చెవి వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. ఆ డబ్బు మిగుల్చుకోండి.

అయితే పరీక్ష చేయించుకోకుండా ఊరుకోకండి. ఒక్కోసారి గుబిలి తీస్తే చాలు, తగ్గిపోతుంది. మోత ఒక్క చెవిలోనే ఉన్నా, నాడితోపాటు కొట్టుకుంటున్నా, కళ్లు తిరుగుతున్నా త్వరగా రండి. ఉన్నట్టుండి వినికిడి పోతే మాత్రం ఆ రోజే రావాలి. స్టెరాయిడ్ చికిత్స తొలి రెండు వారాల్లో మొదలైతేనే ఎక్కువ ఫలితం. కొన్ని మందులు, ముఖ్యంగా స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ ఇంజక్షన్లు చెవిని దెబ్బతీయవచ్చు. అలాగని టీబీ మందులు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకు చెప్పండి. ఇక బతకడమెందుకు అనిపిస్తే ఆ మాట దాచుకోవద్దు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పెద్దాయన ఆడియోగ్రామ్ తీయించుకుని, రెండు నెలలు తటపటాయించి, చివరికి యంత్రాలు పెట్టుకున్నారు. మోత ఇంకా ఉందట, కాని నిద్ర పడుతోందట. ఫిర్యాదు ఇప్పుడు ఆయన భార్యది. డిసెంబరు చలిలోనూ ఫ్యాన్ ఆపనివ్వడం లేదని, రెండు దుప్పట్లు కప్పుకోవలసి వస్తోందని.