తిన్నది ఒంటపట్టని కుక్క



పిల్లవాడు బాగా తింటూ కూడా చిక్కిపోతుంటే రెండో వారానికే మనం డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. అదే పెంపుడు కుక్క చిక్కిపోతే? "దానికి ఆబ ఎక్కువ, ఎంత పెట్టినా చాలదు" అని ఊరుకుంటాం. ఇరుగుపొరుగు వాళ్లయితే దిష్టి తగిలిందంటారు, లేదా "వీళ్లు దానికి తిండి పెట్టరు" అని చాటున చెప్పుకుంటారు. గంపెడు తింటూ కూడా పస్తులున్నట్టు క్షీణించిపోయే జబ్బు ఒకటి కుక్కలకు ఉంది. ఇవాళ దాన్ని గురించే చెప్తాను.

మా మరిపెడలో ఒకప్పుడు కుక్క అంటే వాకిట్లో పడుకునేదీ, పొలానికి వెంట వచ్చేదీను. ఇప్పుడు బంగ్లా సెంటరు వైపు కూడా ఆల్సేషన్లు కనబడుతున్నాయి. ఇక హనుమకొండ, హైదరాబాదుల సంగతి చెప్పక్కరలేదు. ఆల్సేషన్ అంటే జర్మన్ షెపర్డే. ఈ జబ్బు అందరికంటే ఎక్కువగా పట్టేది ఆ జాతినే, అదీ ఒకటి నుంచి నాలుగేళ్ల లోపు వయసులో. ఇతర జాతుల్లోనూ వస్తుంది. పెద్ద వయసు కుక్కల్లో క్లోమం పదే పదే వాచి దెబ్బతినడం వల్ల రావచ్చు.

క్లోమం అంటే చిన్నపేగు మొదట్లో ఆనుకుని ఉండే గ్రంథి. దానికి రెండు పనులు. ఒకటి ఇన్సులిన్ తయారు చేయడం. రెండోది, పేగులోకి జీర్ణరసం వదలడం. ఆ రసంలో పిండి పదార్థాన్ని విడగొట్టే అమైలేజ్, కొవ్వును విడగొట్టే లైపేజ్, మాంసకృత్తులను విడగొట్టే ట్రిప్సిన్ వంటి ఎంజైములు ఉంటాయి. తోడు వేయని పాలు ఎంతసేపు ఉంచినా పెరుగు కావు కదండీ? అలాగే ఈ ఎంజైములు లేని పేగులో అన్నం, మాంసం చాలా మటుకు అలాగే జారిపోతాయి. మిగిలినదాన్ని పేగులోని సూక్ష్మజీవులు తిని గ్యాసు, దుర్వాసన పుట్టిస్తాయి.

మనుషుల మధుమేహానికి మందు దొరికింది కూడా కుక్క క్లోమం వల్లనే. 1889లో జర్మనీ డాక్టర్లు మెరింగ్, మింకోవ్‌స్కీ ఒక కుక్కకు క్లోమం తీసివేస్తే దానికి మధుమేహం వచ్చింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల క్లోమనాళాన్ని కట్టివేసి, జీర్ణరసం చేసే కణాలు ఎండిపోయి ఇన్సులిన్ కణాలు మిగిలేట్టు చూశారు. మన ఆల్సేషన్లలో జరిగేది దాదాపు అదే, కాకపోతే ఎవరూ కట్టకుండానే. రసం చేసే కణాలు నశించిపోతాయి, ఇన్సులిన్ కణాలు నిలుస్తాయి. అందుకే వీటిలో చాలావాటికి మధుమేహం ఉండదు.

ఇక గుర్తులు. మలం సంగతి మాట్లాడుతున్నానని ముక్కు మూసుకోకండి, ఈ జబ్బు మొదట తెలిసేది అక్కడే. తిన్నదానికి మించి ఉన్నట్టు కుప్పలుగా, రోజుకు చాలాసార్లు వస్తుంది. లేత పసుపో బూడిదో రంగు, జిడ్డు, భరించలేని కంపు. కడుపులో గుడగుడమని చప్పుడు. వెంట్రుకలు గరుకెక్కుతాయి. ఆకలికి తాళలేక చెత్తబుట్టలు వెతుకుతుంది, ఒక్కోసారి తన మలాన్ని తానే తింటుంది. అది చూసి రోత పుట్టి కుక్కను వదిలించుకునే వాళ్లున్నారు. అది దాని పాడు బుద్ధి కాదమ్మా, ఆకలి. క్లోమంలో పదింట తొమ్మిది వంతుల శక్తి పోయేదాకా ఈ గుర్తులు పైకి కనిపించవు కనుక, కనిపించిన తరువాత ఆలస్యం చేయకూడదు.

అయితే చిక్కిన కుక్కలన్నిటికీ ఇదే జబ్బు అనుకోకూడదు. మన వైపు ముందు చూడవలసింది కడుపులో పురుగులు, తరువాత గోమార్ల వల్ల వచ్చే జ్వరం. నీళ్లు విపరీతంగా తాగి మూత్రం ఎక్కువ పోస్తుంటే మధుమేహం. పేగు జబ్బులూ ఉంటాయి. అందుకని దవాఖానకు వెళ్లేటప్పుడు సీసాలో తాజా మలం, కాగితం మీద కుక్క బరువు, రోజూ ఏమి ఎంత పెడుతున్నామన్నది రాసుకుని తీసుకుపోవాలి. "బాగానే తింటుందండీ" అన్న మాట ఒక్కటే డాక్టరుకు చాలదు.

వెనుక మలాన్ని నీళ్లలో కలిపి ఎక్స్‌రే ఫిల్ము ముక్క మీద వేసేవారు. ట్రిప్సిన్ ఉంటే ఫిల్ము మీది జిగురు పొర కరిగిపోయేది. తెలివైన ఉపాయమే గాని నమ్మదగింది కాదు. సూక్ష్మజీవులు కూడా ఆ పొరను కరిగిస్తాయి. ఆరోగ్యమైన కుక్క మలం ఒక్కోసారి కరిగించదు. మామూలు రక్త పరీక్షలో అమైలేజ్, లైపేజ్ సరిగా ఉన్నాయని రాసి ఇస్తే కొందరు నిశ్చింతగా ఉంటారు. ఈ జబ్బు లేదని చెప్పడానికి ఆ అంకెలు పనికిరావు.

తేల్చి చెప్పేది టీ.ఎల్.ఐ. అనే పరీక్ష. ట్రిప్సిన్, దాని ముందు రూపం రక్తంలోకి కొద్దిగా ఊరుతుంటాయి, వాటిని కొలుస్తారు. విలియమ్స్, బ్యాట్ అనే పరిశోధకులు ఈ పరీక్ష ఎంత నమ్మదగిందో 1988లో ప్రకటించారు. రాత్రి తిండి పెట్టి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పస్తుంచి రక్తం తీయించాలి. చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం లీటరుకు 2.5 మైక్రోగ్రాములు, అంతకన్నా తక్కువ వస్తే జబ్బు ఉన్నట్టే. దానికి కాస్త పైన వస్తే నెలరోజులాగి మళ్లీ చేయించాలి. అంకెలు లాబొరేటరీని బట్టి మారుతాయి, డాక్టరే చదవాలి. ఇది కుక్కలకే ప్రత్యేకమైన పరీక్ష, మనుషులకు చేసేది చెల్లదు. అన్ని ఊళ్లలో జరగదు, సీరం వేరుచేసి దూరం పంపాల్సి వస్తుంది. మామునూరు, రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలున్నాయి, అక్కడ విచారించండి.

అదే రక్తంలో బి12 కూడా చూడమని అడగండి. ఈ కుక్కల్లో అది తరచు తక్కువగా ఉంటుంది, అది సరిచేయకపోతే ఎంజైములిచ్చినా ఒళ్లు రాదు. ఫోలిక్ యాసిడ్ కూడా కొలుస్తారు. దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

జబ్బు తేలితే ప్రతి పూటా తిండిలో ఎంజైము పొడి కలపాలి, అదీ జీవితాంతం. ఖర్చే, కాదనను. ఇంట్లో ముందే మాట్లాడుకుని మొదలుపెట్టండి, నడుమ ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. మాంసం కొట్టులో దొరికే పచ్చి క్లోమం కూడా పనిచేస్తుంది గాని ఉడికిస్తే ఎంజైములు చచ్చిపోతాయి. శుభ్రత, మోతాదు డాక్టరునడిగి తెలుసుకోవాలి. జబ్బున్న ఆల్సేషన్‌ను జత కట్టించవద్దు, ఇది వంశంలో దిగుతుంది. మందు పడితే ముందు మారేది మలమే: రోజుల్లోనే గట్టిపడి, కంపు తగ్గుతుంది. బరువు తరువాత మెల్లగా వస్తుంది. వారానికోసారి తూకం వేసి ఆ కాగితం మీదే రాసిపెట్టుకోండి.