పురి విప్పకూడని తీగ

శామీర్‌పేట చెరువు దాటాక రాజీవ్ రహదారి పక్కన లేచిన డూప్లెక్స్ ఇళ్లలో అదొకటి. కింద హాల్లో రౌటర్, మేడ మీద ఆఫీసు గది. నెలనెలా డబ్బు కట్టేది 200 ఎంబీపీఎస్ ప్లానుకు. రౌటర్ పక్కన నిలబడి ఫోన్‌లో చూస్తే ఆ వేగం వస్తోంది. గోడలోంచి పైకి వెళ్లిన తీగకు ల్యాప్‌టాప్ తగిలిస్తే మాత్రం 94. పొద్దున 94, అర్ధరాత్రీ 94. ఇంటాయన విసిగిపోయి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీకి వెళ్లి మెష్ రౌటర్ల పెట్టె ఒకటి తెచ్చేశాడు. అది విప్పేలోపు వైరు చూడ్డానికి వచ్చిన కుర్రాడు అంకె చూసి నవ్వాడు. "94 అంటే రౌటర్ మంచిగనే ఉన్నట్టు సార్. ఏదో ఒక పోగు అంటుకోలే."

నాడి పట్టి రోగం చెప్పినట్టే ఉంటుంది గానీ ఇందులో మాయ లేదు. ఈథర్నెట్ తీగలో ఎనిమిది పోగులు, అంటే నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. 1000కి నాలుగూ కావాలి. నీలం జతలోనో గోధుమ రంగు జతలోనో ఒక్క పోగు అందకపోతే చాలా పరికరాలు నోరు మెదపకుండా వందకు దిగిపోతాయి. ఆ వందలోనూ చిరునామాలకు, మధ్య ఖాళీలకు కొంత పోతుంది. ఒక్కో పెద్ద ప్యాకెట్టుకు తీగ మీద 1538 బైట్ల చోటు పడితే అందులో అసలు సరుకు 1460 బైట్లే. భాగించి చూస్తే నూటికి 94.9. తీగ తన జబ్బు పేరు తనే చెబుతోందన్నమాట.

ఇంతకీ ఈ పోగుల్ని జతలుగా పురి పెట్టి ఎందుకు అమ్ముతారు? తాడు పేనినట్టు గట్టితనం కోసమని చాలామంది అనుకుంటారు. కాదు.

తొలినాళ్ల టెలిఫోన్లకు ఒక్క తీగే ఉండేది, రెండో దారి భూమి. పక్కనున్న టెలిగ్రాఫ్ తీగల టకటకలన్నీ ఫోన్‌లో వినిపించేవి. అలెగ్జాండర్ గ్రాహం బెల్ రెండు తీగల్ని ఒకదాని చుట్టూ ఒకటి తిప్పే ఉపాయానికి 1881లో పేటెంట్ పొందాడు. నూట నలభై ఏళ్లు దాటినా నేటి ఆఫీసు గోడలో నడుస్తున్నది ఆ ఉపాయమే.

కావడి మోసేవాణ్ని ఊహించుకుంటే ఇది ఇట్టే బోధపడుతుంది. రెండు బుట్టలు, మధ్యలో బద్ద. అవతలివాడు చూసేది ఏ బుట్ట బరువెంత అన్నది కాదు, రెండింటికీ తేడా ఎంత అన్నదే. దారిలో వాన పడి రెండు బుట్టల్లోనూ సమానంగా నీళ్లు చేరినా తేడా మారదు, కబురు చెడదు. జత తీగల్లో ఒకదానిపై వోల్టేజి పెరిగితే రెండోదానిపై అంతే తగ్గుతుంది. బయటి నుంచి వచ్చే విద్యుత్ రొద రెండింటిపైనా ఒకేలా పడితే తీసివేతలో ఎగిరిపోతుంది.

ఒకేలా పడితేనే. కావడివాడు ఇంటి చూరు కింద నడుస్తున్నాడనుకుందాం. చూరు వైపు బుట్టలో ధారలు పడతాయి, రెండో బుట్ట దాదాపు పొడిగానే ఉంటుంది. తేడా మారిపోయింది! గోడలో తీగ పక్కనే ఫ్యాను వైరో మోటారు వైరో పోతే జరిగేదిదే. మరి కావడివాడు అడుగడుక్కీ గిర్రున తిరుగుతూ నడిస్తే? ఇప్పుడు ఈ బుట్ట చూరు కిందికి, మరుక్షణం ఆ బుట్ట. గమ్యం చేరేసరికి రెండూ సమానంగా తడుస్తాయి. పురి చేసే పని అంతే. ఒక్క చుక్క కరెంటు ఖర్చు లేకుండా, ఒక్క చిప్పు లేకుండా రొదను రొదతోనే కొట్టేస్తుంది.

తయారీదారులు ఇంకో అడుగు ముందుకేశారు. ఒకే తొడుగులోని నాలుగు జతలూ ఒకే లయలో తిరిగితే పక్క జత నుంచి పడే రొద ప్రతి మెలికలోనూ అదే పోగు మీద పడుతుంది. అందుకని నాలుగింటికీ నాలుగు రకాల పురి. ఇళ్లలో మామూలుగా వాడే క్యాట్5ఈ రకం తీగ మూరెడు ముక్క తీసుకుని, తొడుగు ఒలిచి, జతల్ని పక్కపక్కన పెట్టి మెలికలు లెక్కపెడితే తేడా కంటికే తెలుస్తుంది.

మేడ్చల్ వైపు ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబుల్లో ఏటా ఎవరో ఒక విద్యార్థి అడిగే ప్రశ్న ఇక్కడే పుడుతుంది. "సార్, టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ వరుసగా వెలుగుతున్నాయి. అయినా నెట్ ఎందుకు తెగిపోతోంది?" ఆ పిల్లవాడు రంగుల్ని అందంగా జతజతగా పేర్చి ఉంటాడు: నారింజ జత, పక్కన ఆకుపచ్చ, పక్కన నీలం, చివర గోధుమ. కానీ ప్రామాణిక వరుసలో ఆకుపచ్చ జత 3, 6 పిన్నుల మీద కాళ్లు చాచి కూర్చుంటుంది, దాని మధ్యలో 4, 5 మీద నీలం జత. మధ్య పిన్నులు రెండూ టెలిఫోన్ లైనుకు పాతకాలం నుంచీ అలవాటు కాబట్టి వచ్చిన ఏర్పాటది. పిల్లవాడి వరుసలో 3 ఒక జతలోంచి, 6 వేరే జతలోంచి వస్తాయి. కరెంటు పోతుంది కాబట్టి లైటు వెలుగుతుంది. బుట్టలు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషుల కావళ్లవి. పురి వృథా. జాక్ దగ్గర కూడా పురిని 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదన్నది ఇందుకే.

ఈ చౌక తీగే ఒక పెద్ద పందేన్ని గెలిపించింది. 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలుపెట్టిన ఈథర్నెట్‌ది రచ్చబండ పద్ధతి: ఎవరికి తోస్తే వారు మాట్లాడతారు, ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరూ ఆగి, ఎవరికి వారు కాసేపు చూసి మళ్లీ మొదలుపెడతారు. ఐబీఎం వారి టోకెన్ రింగ్‌ది తాంబూలం పళ్లెం పద్ధతి: పళ్లెం ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి. కాగితం మీద చూస్తే ఐబీఎందే మర్యాద. కానీ దాని కార్డులు ఖరీదు, లోహపు తొడుగు వేసిన దాని తీగ బరువు. ఈథర్నెట్ కూడా మొదట వేలంత లావు తీగతో నడిచినా, 1990లో 10బేస్-టి ప్రమాణంతో టెలిఫోన్ తరహా పురి తీగ మీదికి దిగింది. ఆ తర్వాత ధర విషయంలో దాన్ని అందుకున్నవారు లేరు.

అదే 1990లో వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్‌ల కంపెనీ తొలి ఈథర్నెట్ స్విచ్‌ను తెచ్చింది. కంపెనీ పేరు కల్పన, భరద్వాజ్ భార్య పేరే. అంతకుముందు తీగలన్నింటినీ కలిపే హబ్ దండోరా వేసేది, స్విచ్ పోస్ట్‌మ్యాన్‌లా ఎవరి ఉత్తరం వారి గడపలోనే వేస్తుంది. దాంతో రచ్చబండ గొడవే లేకుండా పోయింది. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది.

తర్వాత కథ తెలిసిందే, వేగాలు పెరిగాయి. చిన్న ఆఫీసులకు పనికొచ్చే మలుపు 2016లో వచ్చింది. గోడల్లో ఉన్న పాత క్యాట్5ఈ తీగ మీదే 100 మీటర్ల దాకా 2.5 జీబీపీఎస్ నడిపే ప్రమాణమది. గోడలు పగలగొట్టి మేలురకం క్యాట్6ఏ తీగ లాగించమని ఎవరైనా అంటే, ముందు రెండు కొసల్లో కొత్త జాకులు కొట్టించి చూడమనడం న్యాయం.

పొదుపు చేయకూడని చోటు ఒకటుంది. సగం ధరకు దొరికే కట్టల్లో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం. పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. కట్ట కూడా చేతికి తేలిగ్గా తగులుతుంది. దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు. మేడ్చల్ గోదాముల గేట్ల దగ్గర ఇలాంటి తీగ మీదే కరెంటు కూడా పంపి నడిపే కెమెరాలు పగలంతా బాగుంటాయి. చీకటి పడి లోపలి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఎక్కువ కరెంటు లాగి, దారిలో వోల్టేజి పడిపోయి, ఆగి ఆగి మళ్లీ మొదలవుతాయి. సరిగ్గా దొంగలొచ్చే వేళకి. కాపలా అంతా పగటిపూటకే!

గేటు వంద మీటర్లు దాటితే రాగి పని అయిపోయినట్టే, ఫైబర్ వేయాలి. అక్కడ ఖర్చంతా తవ్వకంలోనే. శామీర్‌పేట మీదుగా గజ్వేల్ వైపు వెళితే వచ్చే కోమటిబండలో 2016లో ప్రారంభోత్సవం జరిగిన తాగునీటి పథకం మిషన్ భగీరథ ఈ చిక్కుకు చక్కటి జవాబు: నీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే తెలంగాణ ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ గొట్టాలనూ పరిచారు. ఆంధ్రప్రదేశ్ అసలు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగేసింది.

డూప్లెక్స్ మేడ మీద కుర్రాడు పాత జాక్ కత్తిరించి వెలుతురుకు పట్టి చూపించాడు. గోధుమ రంగు పోగు పిన్ను దాకా రాకుండా సగంలోనే ఆగి ఉంది. తొడుగు ఒలిచి, పురి వేలి గోరంత మేర మాత్రమే విప్పి, కొత్త జాక్ కొట్టాడు. ల్యాప్‌టాప్‌లో అంకె 190 దాటింది. మెష్ పెట్టె సీలైనా తీయకుండానే మర్నాడు సీటీసీకి బయల్దేరింది. తిరిగి తీసుకోవడానికి కొట్టాయన కాస్త గొణిగాడట.