కొండలు దాటిన వైద్యవిద్య

సుమతీ శతకకారుడు మనిషి కాపురముండదగిన ఊరి లక్షణములను లెక్కించుచు, అప్పిచ్చువాని వెంటనే వైద్యుని నిలిపెను. ఇట్టివారు లేని ఊరిలో అడుగు పెట్టవలదని హెచ్చరించెను. మాట మంచిదే. కాని అట్టి ఊరిలోనే పుట్టి, అక్కడి పొలమునో పశువులనో నమ్ముకొని, ఎక్కడికిని కదలలేనివాడు ఏమి చేయవలెను? శతకము ఆ ప్రశ్న జోలికి పోలేదు. లోకము మాత్రము నేటికిని ఆ ప్రశ్నను దాటలేకున్నది. 2030 నాటికి ప్రపంచమున సుమారు కోటి మంది ఆరోగ్య సిబ్బంది కొరవడుదురని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ కొరత పట్టణములలో కంటె పల్లెలలోను, ధనిక దేశములలో కంటె పేద దేశములలోను హెచ్చు.

అయితే ఈ కొరతలో రెండు విధములున్నవి. మనిషి లేకపోవుట ఒకటి. మనిషి ఉండియు అతనికి తెలియవలసినది తెలియకపోవుట రెండవది. మొదటి కొరత తీరుటకు కళాశాలలు కావలెను, ఏండ్లు కావలెను, కోట్ల ద్రవ్యము కావలెను. రెండవ కొరతను తీర్చుటకు ఒక తెర, ఒక కెమెరా, వారమునకు రెండు గంటల తీరిక చాలునేమోనని ఒక వైద్యుడు 2003లో తలచెను. ఆరోగ్య కార్యకర్తలకు అంతర్జాలము ద్వారా రుసుము లేకుండ విద్య నేర్పు ప్రయత్నములు నేడు అనేకము. వానిలో ఈ వైద్యుని ప్రయత్నము ప్రత్యేకముగ పరిశీలింపదగినది. అది ఉచితమైనందుననే కాదు. దానివలన రోగికి మేలు కలిగినదా లేదా అని లెక్క చూచుకొన్నందున.

ఆ ప్రయత్నము జరిగిన చోటు అమెరికా సంయుక్త రాష్ట్రములకు నైరృతి దిక్కున ఉన్న న్యూ మెక్సికో రాష్ట్రము. దాని విస్తీర్ణము సుమారు 3 లక్షల 15 వేల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండును కలిసినను అంత లేవు. జనసంఖ్య మాత్రము 20 లక్షల ప్రాంతము. ఎడారి నేలలు, కొండలు, వాని నడుమ చెదరిన చిన్న ఊళ్లు. ఆ ఊళ్లలో వేలాది మందికి హెపటైటిస్ సి అను కాలేయ వ్యాధి ఉండెను. రక్తము ద్వారా సంక్రమించు ఈ వ్యాధి వైరస్ 1989లో గాని శాస్త్రజ్ఞులకు పట్టుబడలేదు. సోకినవానికి ఏండ్ల తరబడి ఏ బాధయు తోచకపోవచ్చును. తెలిసివచ్చునప్పటికి కొందరి కాలేయము గట్టిపడి యుండును. కొందరికి అది క్యాన్సరుకు దారి తీయును.

2003 నాటికి దీనికి మందు లేకపోలేదు. ఇంటర్‌ఫెరాన్ అను సూదిమందును వారము వారము, రిబావిరిన్ మాత్రలను ప్రతిదినము, ఆరు నెలలు మొదలు ఏడాది వరకు వాడవలెను. అది మోటు మందు. రక్తహీనత కలిగించును. కొందరిని ప్రాణము మీదికి తెచ్చుకొనునంతటి దిగులులో ముంచును. అందుచేత పల్లెల వైద్యులు దానిని ఇచ్చుటకు జంకి, రోగులను ఆల్బుకర్కీ నగరమందలి విశ్వవిద్యాలయ వైద్యశాలకు పంపుచుండిరి. అక్కడి కాలేయ నిపుణుడు సంజీవ్ అరోరా, భారత సంతతివాడు. ఆయనను చూడవలెనన్న ఎనిమిది నెలలు వేచియుండవలసి వచ్చెడిది. 400 కిలోమీటర్ల దూరము నుండి ప్రయాణము చేయువారుండిరి. చికిత్స ముగియులోపల పలుమార్లు రావలెను. పని మానుకొని, దారి ఖర్చులు భరించి అన్నిమార్లు రాగలవారెందరు? అనేకులు రానేలేదు. కొందరు వేళ మించిన పిదప వచ్చిరి. మందు ఉన్న రోగముతోనే మనుష్యులు మరణించుచుండిరి.

రోగి నగరమునకు రాలేనప్పుడు నగరమందలి తెలివియే రోగి ఊరికి పోవలెనని అరోరా నిశ్చయించెను. తానే ఊరూర తిరిగినచో ఎందరిని చూడగలడు? కనుక ఊళ్లలో ఇదివరకే పనిచేయుచున్న వైద్యులకు, నర్సులకు ఈ చికిత్సను నేర్పదలచెను. పల్లెలలోను చిన్న పట్టణములలోను ఉన్న 16 వైద్యశాలలు, వానితోపాటు 5 కారాగారములు ఇందులో చేరినవి. ఈ పథకము పేరు ఎకో. ఆ మాటకు ఆంగ్లమున ప్రతిధ్వని అని అర్థము.

దాని పద్ధతి ఇది. ప్రతి వారము నిర్ణయించిన వేళకు వైద్యులు తమ తమ చోట్లనే కూర్చుండి తెరపై ఒకరినొకరు చూచుకొందురు. ఒక్కొక్కరు తమ రోగి సంగతి విన్నవింతురు. పేరు చెప్పరు, వయస్సు, రక్తపరీక్షల ఫలితములు, ఇచ్చిన మందులు, ఎదురైన చిక్కు చెప్పుదురు. ఆల్బుకర్కీలో కాలేయ నిపుణుడు, మానసిక వైద్యుడు, ఔషధ నిపుణుడు కలిసి కూర్చుండి, ఏమి చేయదగునో చర్చింతురు. నడుమ ఒక చిన్న పాఠము. ఒకని రోగిని గూర్చిన చర్చను తక్కినవారందరును విందురు. అందువలన తన ఊరిలో పదిమంది రోగులను మాత్రమే చూచు వైద్యునికి వందమంది రోగుల అనుభవము అబ్బును. దూరము నుండి నిపుణుడే రోగిని పరీక్షించి మందు వ్రాయు పద్ధతి వేరు. ఇక్కడ రోగి మొదటినుండి చివరివరకు తన ఊరి వైద్యుని చేతిలోనే ఉండును. ఆ వైద్యుడు నేర్చుకొన్నందుకు చెల్లించు రుసుము ఏమియు లేదు.

ఇట్లు నేర్చినవాని చేతి వైద్యము నిపుణుని వైద్యమునకు సాటి రాగలదా అని సందేహింపవచ్చును. దానికి సమాధానము 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వెలువడినది. మొత్తము 407 మంది రోగులను గమనించిరి. విశ్వవిద్యాలయమున నిపుణుల చేత చికిత్స పొందినవారు 146 మంది. వారిలో 84 మందికి, అనగా నూటికి 57.5 మందికి, వ్యాధి నయమైనది. పల్లె వైద్యశాలలలోను కారాగారములలోను చికిత్స పొందినవారు 261 మంది. వారిలో 152 మందికి, అనగా నూటికి 58.2 మందికి, నయమైనది. మందువలన తీవ్రమైన కీడు కలిగినది నిపుణుల చోట నూటికి 13.7 మందికి, పల్లెల చోట 6.9 మందికి మాత్రమే. చీట్లు వేసి రోగులను రెండు పక్షములుగ విభజించిన పరీక్ష కాదు గనుక, పల్లె వైద్యుడే మిన్న యని దీనినిబట్టి తీర్పు చెప్పరాదు. కాని అతడు తక్కువవాడు కాడని మాత్రము నిస్సంశయముగ చెప్పవచ్చును. తగిన తోడు దొరకినచో ఊరి వైద్యుని చేయి వణకదు.

అటుపిమ్మట ఈ పద్ధతి క్షయ, ఎయిడ్స్, మధుమేహము, మానసిక వ్యాధులు, క్యాన్సరు మొదలైన వానికిని, అనేక దేశములకును వ్యాపించినది. భారతదేశమున ఎకో ఇండియా అను సంస్థ 2008లో ఏర్పడినది. తెలుగు నేలపై దీని ఫలమొకటి హైదరాబాదులో చూడవచ్చును. మెహదీ నవాజ్ జంగ్ పేర వెలసిన ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి కేంద్రముగ, క్యాన్సరు మొదలైన కఠిన వ్యాధులతో బాధపడు పిల్లలకు ఉపశమన చికిత్స చేయు విధానమును దక్షిణ ఆసియాలోని వైద్యులకు, నర్సులకు ఇదే పద్ధతిని నేర్పిరి. నయము కాని రోగముతో ఇంటికి చేరిన బిడ్డకు కావలసినది నొప్పి తగ్గుట. మార్ఫిన్ ఇచ్చిన తగ్గును. కాని ఆ మందును ఏ మోతాదులో, ఎంత సేపటికొకసారి ఇవ్వవలెనో నేర్వని వైద్యుడు భయపడి ఊరకుండును. అతని భయమునకు మూల్యము బిడ్డ చెల్లించును. ఇట్టి చోట వారమునకొక గంట పాఠము ఎంతటి దానమో చెప్పనక్కరలేదు.

లక్షలాది మందికి ఒకేసారి పాఠము చెప్పు మార్గము మరొకటి కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఓపెన్ డబ్ల్యు.హెచ్.ఓ. అను పేర ఉచిత అంతర్జాల పాఠశాలను తెరచినది. 2020 జనవరి చివర, కొత్త కరోనా వైరస్ గూర్చి అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటింపబడుటకు ముందే, దానిపై మొదటి పాఠమును వెలువరించినది. ఆ పాఠములు పదుల భాషలలోనికి మారినవి. చేరినవారు లక్షల సంఖ్య దాటిరి. మహమ్మారి ముంచుకొని వచ్చునపుడు ఇంతకు మించిన సాధనము లేదు. అంతకు ముందు తరమున ఈ పనిని పుస్తకము చేసినది. మెక్సికో కొండపల్లెల అనుభవముతో డేవిడ్ వెర్నర్ వ్రాసిన గ్రంథమును హైదరాబాదు బుక్ ట్రస్టు ‘వైద్యుడు లేని చోట’ అను పేర తెలుగున ప్రకటింపగా, అది ఎన్నో ఇండ్లకు చేరినది.

కాని గ్రంథమునకు గాని, ముందుగ తీసి ఉంచిన పాఠమునకు గాని రెండు లోపములున్నవి. మొదటిది, అవి ప్రశ్నను వినలేవు. రెండవది, అవి ముసలివగును. 2003లో అరోరా నేర్పిన ఇంటర్‌ఫెరాన్ చికిత్సయే నేడు మూలపడినది. 2013 చివర సోఫోస్‌బువిర్ అను మందు వచ్చిన పిమ్మట, పన్నెండు వారములు మాత్రలు మ్రింగిన చాలును. నూటికి 95 మందికి పైగా నయమగుచున్నది. నాటి పాఠమును దాచుకొని నేడు చదువుకొన్నవాడు రోగికి మేలు చేయడు. వారము వారము కూడుచున్న సభ మాత్రము మందు మారిన నాడే తానును మారును.

ఉచితమన్న మాటను గూర్చి ఒక్క హెచ్చరిక అవసరము. రుసుము లేనంత మాత్రమున విద్య ఖర్చు లేనిది కాదు. ఎవరో భరింతురు. నిపుణుని గంటలకు విశ్వవిద్యాలయమో, ప్రభుత్వమో, దాతయో జీతము చెల్లింపవలెను. నేర్చువాని గంటలకు ఎవరు చెల్లింతురు? భారతదేశమున 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకము క్రింద పదిలక్షలకు మించి ఆశా కార్యకర్తలు పనిచేయుచున్నారు. గర్భిణులను ఆసుపత్రికి చేర్చుట, పసిబిడ్డలను ఇంటింట చూచుట వారి పని. పగలంతయు తిరిగి, ఇంటి వంట ముగించి, రాత్రి తన ఫోనులో తన డబ్బుతో పాఠము వినవలెనన్న, ఆ పాఠము ఆమెకు ఉచితమనుట న్యాయమా? పని గంటలలోనే పాఠమునకు వేళ కల్పించి, ఆమె భాషలో చెప్పి, ఆమె అడిగినదానికి బదులు చెప్పువానిని కూర్చుండబెట్టినప్పుడే ఆ విద్య నిజముగ ఉచితమగును.

అంతర్జాల విద్యను నడపు సంస్థలు తమ పాఠములందు ఎందరు చేరిరో ఘనముగ ప్రకటించుట వాడుక. ఆ సంఖ్యలు కొంత ఉత్సాహము కలిగించును గాని, అసలు సంగతి చెప్పవు. పాఠము విన్న పిదప ఎందరు రోగులకు తమ ఊరు విడువకయే సరియైన వైద్యము దొరకినది, ఎందరు బిడ్డల నొప్పి తగ్గినది అని అడుగవలెను. న్యూ మెక్సికోలో అట్లు అడిగిరి గనుకనే 261 మందిలో 152 మంది లెక్క లోకమునకు తెలిసినది. ఈ దేశమునను ఆరోగ్య కార్యకర్తలకు పాఠములు చెప్పు ప్రతి ప్రభుత్వమును, ప్రతి సంస్థయు ఆ లెక్కను ప్రజల ముందుంచుట కర్తవ్యము.