మంచం పట్టిన పెద్దలను చూసుకునే చేతులకు శిక్షణ ఎవరిస్తారు?



ఆదివారం ఆరాధన ముగిశాక సంఘకాపరితో కలిసి మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసి రావడం మన సంఘాల్లో పాత అలవాటే. ఈ మధ్య జడ్చర్లకు దగ్గరలోని ఒక పల్లెలో అలాగే ఒక ఇంటికి వెళ్లాము. పక్షవాతం వచ్చిన పెద్దాయన ఎనిమిది నెలలుగా మంచం మీదే ఉన్నారు. కొడుకు హైదరాబాదులో పనికి పోతాడు. కోడలే పొలం పని, వంట, పిల్లల బడి, మామగారి సేవ అన్నీ చూసుకుంటోంది. ప్రార్థన అయ్యాక ఆమె, "అయ్యగారూ, నడుము కాడ పుండు పడ్డది. మనిషిని ఎట్ల తిప్పి పండబెట్టాల్నో నాకు ఎవ్వరూ చెప్పలే" అన్నది.

మంచం మీద కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని, చర్మాన్ని తడి లేకుండా ఉంచాలని నర్సింగ్ చదివినవారికి మొదట్లోనే నేర్పుతారు. ఆ ఒక్క సంగతి సమయానికి తెలిసి ఉంటే ఆ పుండు పడకపోయేదేమో. ఆమెలో ప్రేమకు, ఓపికకు లోటు లేదు, లేనిది శిక్షణ ఒక్కటే. అందుకే ఇలాంటి శిక్షణకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఎంతవరకు ఉంది, అది ఎవరికి చేరుతోంది, ఎవరికి చేరడం లేదు అనే విషయాలను ఈ వారం వివరిస్తున్నాము.

అవసరం ఎంత పెద్దది?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై ఏళ్లు దాటినవారు 10.38 కోట్ల మంది. ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 నాటికి వారు సుమారు 14.9 కోట్లకు చేరారు. 2050 నాటికి 34.7 కోట్లు, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు అవుతారని అంచనా. పాలమూరుకు ఇంకొక భారం కూడా ఉంది. ఇక్కడి కష్టజీవులు తరతరాలుగా ఆనకట్టలకు, రోడ్లకు, భవనాలకు వలస పోయినవారే. వయసులో ఉన్నవారు బస్తీకి పోతే ఇంటి దగ్గర మిగిలేది ముసలితల్లి, ముసలితండ్రి. ఒకనాడు నలుగురు కోడళ్లు పంచుకున్న సేవ ఇప్పుడు ఒక్కరి మీద పడుతోంది.

డబ్బు ఏ దారుల్లో వస్తుంది?

మొదటి దారి వృద్ధుల సంక్షేమ పథకం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2021 ఏప్రిల్ నుంచి వృద్ధుల కార్యక్రమాలన్నిటినీ అటల్ వయో అభ్యుదయ యోజన అనే ఒకే గొడుగు కిందకు తెచ్చింది. వృద్ధుల సంరక్షకులకు శిక్షణ ఇవ్వడం అందులో ఒక భాగం. ఈ శిక్షణను ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ చూస్తుంది.

రెండవది నైపుణ్య శిక్షణ పథకాలు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఆసుపత్రి సహాయకులు, ఇంటి వద్ద సేవ చేసే సహాయకులు వంటి కోర్సులున్నాయి. కరోనా రెండవ అల తరువాత, 2021 జూన్ 18న, ఈ పథకం కిందనే 276 కోట్ల రూపాయలతో లక్ష మందికి త్వరిత శిక్షణను కేంద్రం ప్రారంభించింది. అందులోని ఆరు రకాల పనుల్లో ఇంటి వద్ద రోగిని చూసుకోవడం ఒకటి. గ్రామీణ యువత కోసం 2014లో వచ్చిన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఖర్చును కేంద్రం అరవై, రాష్ట్రం నలభై పాళ్లుగా భరిస్తాయి.

మూడవది ఆరోగ్య శాఖ. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010-11లో మొదలైంది. ఆయుష్మాన్ భారత్ కింద ఆశా కార్యకర్తలకు వృద్ధుల సంరక్షణ మీద, నయం కాని జబ్బులున్నవారికి ఉపశమన సేవ మీద శిక్షణ పుస్తకాలు తయారయ్యాయి. పల్లెలో ఆ కోడలికి అందరికంటే దగ్గరగా ఉన్న శిక్షణ పొందిన మనిషి ఆశా కార్యకర్తే.

అయినా ఆ ఇంటికి ఎందుకు చేరలేదు?

డబ్బు విడుదలయ్యే పద్ధతి చూస్తే కారణం అర్థమవుతుంది. నైపుణ్య శిక్షణలకు కేంద్రం 2015లో ఉమ్మడి నిబంధనలు పెట్టింది. వాటి ప్రకారం శిక్షణ సంస్థకు బ్యాచ్ మొదలైనప్పుడు 30 శాతం, అభ్యర్థులు పరీక్ష పాసై సర్టిఫికెట్ పొందాక 50 శాతం, వారికి ఉద్యోగం దొరికాక మిగిలిన 20 శాతం ఇచ్చేవారు. తరువాతి కాలంలో ఈ పాళ్లు మారినా ఆలోచన అదే. ఉద్యోగానికి సిద్ధంగా ఉన్న యువతీయువకులే ఈ డబ్బుకు లక్ష్యం. గ్రామీణ కౌశల్య యోజనలో వయసు 15 నుంచి 35 ఏళ్లు, స్త్రీలకు 45 వరకు సడలింపు ఉంది.

ఇందులో తప్పేమీ లేదు. నిరుద్యోగ యువతకు పని దొరకాలి. కాని శిక్షణ పొందిన అమ్మాయి పని చేసేది హైదరాబాదు ఆసుపత్రిలోనో, జీతం ఇవ్వగలిగిన ఇంట్లోనో. సొంత మామకు సేవ చేసే యాభై ఏళ్ల కోడలు ఏ జాబితాలోనూ ఉద్యోగి కాదు. ఆమె చేసే పనికి జీతం లేదు కాబట్టి ఆమె శిక్షణకు నిధి కూడా లేదు.

వేరే చోట ఏం చేశారు?

కేరళ 2008లోనే ఉపశమన సేవకు రాష్ట్ర విధానం ప్రకటించింది. అక్కడ స్థానిక సంస్థల నిధులతో శిక్షణ పొందిన నర్సు మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్తుంది. పుండు కట్టడంతో పాటు ఎలా కట్టాలో ఇంటివారికి నేర్పుతుంది. ఇంగ్లండులో 2024లో మొదలైన నిధి పద్ధతి వేరు. వృద్ధులకు సేవలందించే సంస్థ తన సిబ్బంది శిక్షణకు ముందుగా ఖర్చు పెట్టి, ఆ డబ్బును ప్రభుత్వం నుంచి తిరిగి పొందుతుంది. ఒకచోట శిక్షణ ఇంటికి వచ్చింది, మరొకచోట పని చేసే స్థలానికి వచ్చింది. మన దగ్గర నేర్చుకునేవారే శిక్షణ కేంద్రాన్ని వెతుక్కుంటూ పోవాలి.

ఒక హెచ్చరిక

విదేశాల్లో సంరక్షకుల ఉద్యోగం అనే మాట విని మన పిల్లలు అప్పులు చేస్తున్నారు. బ్రిటన్ 2022లో సంరక్షకులకు వీసా తలుపు తెరిచింది, 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్త నియామకాలకు మూసివేసింది. విదేశీ ఉద్యోగం కోరేవారు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను ముందుగా అడగాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద పన్ను తప్ప తీసుకోరాదని నిబంధన. లక్షలు అడిగినవారిని నమ్మవద్దు. ఇక్కడి కోర్సుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ప్రభుత్వ పథకంలో ఉచితంగా దొరికే శిక్షణకు ఫీజు అడిగితే, ఆ కేంద్రానికి నిజంగా గుర్తింపు ఉందో లేదో విచారించాలి.

సంఘం ఏం చేయగలదు?

1950లలో మెనోనైట్ బ్రదరన్ మిషన్ జడ్చర్లలో వైద్యశాల స్థాపించింది. మన ప్రాంతపు క్రైస్తవులకు రోగుల సేవ పరాయి పని కాదు. మంచి సమరయుని ఉపమానాన్ని తలచుకుందాం. అతడు గాయాలు కట్టడంతో ఆగలేదు. గాయపడినవానిని పూటకూళ్లవానికి అప్పగించి, ఖర్చుకు డబ్బు ఇచ్చి, ఎక్కువైతే తిరిగి వచ్చి తీరుస్తానని మాట ఇచ్చాడు. జాలితో పాటు ఖర్చు లెక్క కూడా ఆ కథలో ఉంది.

మూడు పనులు మన చేతిలో ఉన్నాయి. మొదటిది, మంచం పట్టినవారి పేర్లు, వారిని చూసుకుంటున్నవారి పేర్లు సంఘ పుస్తకంలో రాసుకొని, ఆ ఊరి ఆశా కార్యకర్తకు తెలియజేయడం. రెండవది, మన సంఘాల్లో పదవీ విరమణ చేసిన నర్సులున్నారు. నెలకు ఒక ఆదివారం సాయంత్రం, మనిషిని తిప్పడం, స్నానం చేయించడం, గొంతుకు అడ్డుపడకుండా తినిపించడం వారి చేత నేర్పించవచ్చు. దానికి ఏ పథకం మంజూరు కానక్కరలేదు. మూడవది, ఇంటి సంరక్షకులకు కూడా శిక్షణ నిధి కావాలని గ్రామసభలోను, శాసనసభ్యుల వద్దను అడగడం. వృద్ధులకు ఏ సహాయం కావలసినా 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు పలుకుతారు.

ఆ ఇంటికి మళ్లీ వెళ్లాము. ఈసారి మాతో ఒక రిటైర్డు సిస్టరమ్మ వచ్చింది. దుప్పటి మడిచి వీపు కింద ఎలా పెట్టాలో కోడలికి చూపించి, ఆమె చేత రెండుసార్లు చేయించింది. పుండు ఇంకా మానలేదు. డాక్టరుకు చూపించాలని కూడా గట్టిగా చెప్పి వచ్చాము. సెలవు తీసుకునేటప్పుడు ఆ కోడలు, "ఈ ముచ్చట ముందే చెప్పుంటే బాగుండు గదా" అన్నది.

ఆమె మాట న్యాయమే. ఇంకొక ఇంట్లో ఆ మాట వినవలసిన అవసరం రాకుండా చూసుకుందాం.