సైలస్ డీన్: దొంగ కాదు, మరి ద్రోహి?

అమెరికా స్వాతంత్ర్య పోరాటం గురించి చదివినవారికి లఫాయెట్ పేరు తెలుసు. ఆ ఫ్రెంచి యువకుడికి అమెరికా సైన్యంలో హోదా రాసిచ్చిన సైలస్ డీన్ పేరు తెలిసినవారు తక్కువ. వారిలోనూ చాలామంది ఆయన్ని దొంగగానో ద్రోహిగానో ఎరుగుదురు. ఇది అన్యాయం.

అపోహ: ఫ్రాన్స్‌కు అమెరికా పంపిన తొలి దూత బెంజమిన్ ఫ్రాంక్లిన్.

వాస్తవం: ఫ్రాంక్లిన్ పారిస్ చేరింది 1776 డిసెంబరులో. డీన్ జూలైకే అక్కడున్నాడు. ఆయన కనెక్టికట్‌లో ఒక కమ్మరి కొడుకు. యేల్‌లో చదివి లాయరై, వర్తకంలో స్థిరపడ్డాడు. ఫ్రెంచి సరిగా రాదు. సరుకులు కొనే వ్యాపారిగా చెప్పుకొంటూ, నాటక రచయిత బోమార్షే పెట్టిన బూటకపు కంపెనీ ద్వారా తుపాకులు, ఫిరంగులు, సైనికుల దుస్తులు ఓడలకెక్కించాడు. 1777 అక్టోబరులో సారటోగా దగ్గర బ్రిటిష్ సేనను లొంగదీసిన ఆయుధాల్లో అవీ ఉన్నాయి. ఆ గెలుపు తర్వాతే ఫ్రాన్స్ బాహాటంగా అమెరికా పక్షం చేరింది. 1778 ఫిబ్రవరి 6 నాటి ఒప్పందాల మీద ఫ్రాంక్లిన్, ఆర్థర్ లీలతో పాటు డీన్ సంతకమూ ఉంది.

అపోహ: ప్రజల సొమ్ము కాజేశాడు.

వాస్తవం: ఈ నింద మోపింది తోటి దూత ఆర్థర్ లీ. ఫ్రాన్స్ సరుకులు ఉచితంగా ఇచ్చిందనీ, డీన్ వాటికి లెక్కలు కట్టి లాభం చూసుకున్నాడనీ ఆయన వాదన. అమెరికా కాంగ్రెస్ డీన్‌ను వెనక్కి పిలిచింది. ఐరోపా పరిస్థితులు వివరించాలన్నారే తప్ప లెక్కల మాట ఎత్తలేదు. ఫ్రాన్స్ రాజు లూయీ వజ్రాలు పొదిగిన నశ్యం డబ్బా కానుకగా ఇచ్చి పంపగా, సన్మానం జరుగుతుందనుకుంటూ వచ్చిన మనిషిని ఏడాదికి పైగా తిప్పారు. కాగితాలు పారిస్‌లో, విచారణ ఫిలడెల్ఫియాలో. పైగా ఆయన సొంత డబ్బూ ఇరుక్కుపోయింది. చివరికి 1842లో కాంగ్రెసే పాత లెక్కల తనిఖీ తప్పనీ, ఘోరమైన అన్యాయమనీ ఒప్పుకుని వారసులకు 37,000 డాలర్లు చెల్లించింది. డీన్ పోయి అప్పటికి 53 ఏళ్లు.

అపోహ: మొదటినుంచీ బ్రిటన్‌కు అమ్ముడుపోయాడు.

వాస్తవం: మొదటినుంచీ కాదు. 1781లో మాత్రం, ఈ పోరాటం గెలవదు, బ్రిటన్‌తో రాజీపడటమే మేలని ఆయన రాసిన ఉత్తరాలు న్యూయార్క్‌లో బ్రిటిష్ అనుకూల పత్రికలో అచ్చయ్యాయి. ఆయనకు మూడు వేల పౌండ్ల విలువైన సరుకు ఇవ్వడానికి బ్రిటన్ రాజు మూడో జార్జి సమ్మతించిన లేఖ కూడా ఉంది. దీన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. అయితే విసిగి కుంగిన ఆ ఏళ్ల రాతలను చూపి, 1776 నాటి సేవను కొట్టేయడం సరికాదు.

అపోహ: ఆయన్ని విషం పెట్టి చంపారు.

వాస్తవం: 1789 సెప్టెంబరులో స్వదేశానికి బయల్దేరిన ఓడలో, ఇంగ్లండ్ తీరం దాటకముందే చనిపోయాడు. పాత శిష్యుడూ స్నేహితుడూ అయిన ఎడ్వర్డ్ బాంక్రాఫ్ట్ విషం పెట్టి ఉండవచ్చని 1959లో చరిత్రకారుడు జూలియన్ బోయిడ్ ఊహించాడు. ఆధారం దొరకలేదు. బాంక్రాఫ్ట్ గురించి రుజువైంది వేరు: పారిస్‌లో డీన్, ఫ్రాంక్లిన్‌ల పక్కనే ఉంటూ వారి రహస్యాలను లండన్‌కు చేరవేసిన బ్రిటిష్ గూఢచారి అతడే. ఆ సంగతి లోకానికి తెలిసింది 1889లో.